కడాన ఎలుక ఉండాది

శాస్త్రవార్తను ఎప్పుడూ కిందినుంచి పైకి చదవాలనేది ఆయన సిద్ధాంతం. పైన కాన్సర్‌కు మందు దొరికిందని రాసినా, ముసలితనానికి విరుగుడు వచ్చేసిందని రాసినా, చివరి పేరాలో ఒక ఎలుక కూర్చుని ఉంటుందనేవాడు. "ఈ ప్రయోగం ప్రస్తుతానికి ఎలుకలపై మాత్రమే విజయవంతమైంది" అనే వాక్యం దగ్గర వేలు పెట్టి, "సూసినారా సామీ, కడాన ఎలుక ఉండాది" అని, ఆ కాగితాన్నే గరాటులా చుట్టి అందులో కందిపప్పు పోసి ఇచ్చేవాడు.

ఆయనకు తిరుపతి కొర్లగుంటలో చిన్న పచారీ అంగడి ఉండేది. సొంతూరు పాకాల దగ్గర ఏదో పల్లె. నేను ఆ వీధిలోనే చాలా ఏళ్లు అద్దెకుండి ఒక దినపత్రికలో సబ్ ఎడిటరుగా పనిచేశాను. మొన్న ఆదివారం ఆయన పోయాడని పాత ఇంటి ఓనరు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున అంగడి తలుపు తీసి, చీపురు చేతిలోకి తీసుకుని, అట్లాగే కూలబడిపోయాడట. రాస్తే మనసు తేలికపడుతుందని అంటారు. నేను బతుకంతా రాస్తూనే ఉన్నాను, ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా ఇది రాయక తప్పదు.

ఆయన పేపరు వేయించుకునేవాడు కాదు. పొట్లాలకని పాత పేపర్లు తూకానికి కొనేవాడు. అందుకని లోకంలో జరిగేవన్నీ ఆయనకు నెలా రెండు నెలలు ఆలస్యంగా తెలిసేవి. ఎన్నికలు, క్రికెట్టు, సినిమా అన్నీ చరచరా చించేసేవాడు. సైన్సు వార్త కనబడితే మాత్రం చెయ్యి ఆగేది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కింది పేరా నుంచి మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్లు ఎంత తొందరలో ఉన్నా నిలబడాల్సిందే. "బెల్లం యాడికీ పారిపోదు, ఉండు" అనేవాడు. చదవడం అయ్యాక ముక్కుతో ఒక నవ్వు నవ్వి, పొట్లం చుట్టి, పైన వేలాడే దారపు ఉండ లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు.

ఏ వార్తలో ఏ సరుకు కట్టాలో కూడా ఆయనకు పట్టింపే. చక్కెర జబ్బు ఇక మటుమాయం అన్న వార్త దొరికితే చక్కెర అడిగినవాళ్లు వచ్చేదాకా పక్కన పెట్టేవాడు. కాఫీ తాగితే ఆయుష్షు పెరుగుతుందని ఒక నెల, తగ్గుతుందని ఇంకో నెల వచ్చేది కదా, ఆ రెండూ దాచి, కాఫీ పొడికి వచ్చినవాళ్లను "ఏది కావాల? బతికేదా, సచ్చేదా?" అని అడిగేవాడు. ఆడవాళ్లు నవ్వి, రెండింట్లోనూ చెరి సగం కట్టమనేవాళ్లు.

చంద్రుడి మీద నీళ్లున్నాయని వచ్చిన రోజున, "ఆడికి పైపేసేదానికి ముందు మా ఈదికి ఏయమను సామీ. మూడు దినాలకొక తూరి వస్తా ఉండాయి" అన్నాడు. చేతి గడియారమే గుండెపోటు ముందుగా చెప్పేస్తుందని చదివి, "ఆ మాట యిని ఆగిపోయే గుండె నాది" అన్నాడు. మనిషి నూటయాభై ఏళ్లు బతుకుతాడంటే, "బతకనీ. మోకాళ్లు ఎవురిస్తారంట?" అని అడిగాడు. ఒకసారి మనిషిలా మాట్లాడే యంత్రాల గురించి పేజీలకు పేజీలు వేశాం. అది చదివి, "మాట్లాడేదానికి మన ఈదిలో కొదవ లేదు సామీ. యినే యంత్రం ఏదన్నా వస్తే సెప్పండి, ఒకటి కొనుక్కుంటా" అన్నాడు.

ఆ పేజీలు తయారుచేసేది నేనే. వారానికొకసారి వచ్చే సైన్సు పేజీ నాకు అంటగట్టారు. నేను చదివింది బీకాం. ఇంగ్లిషులో ఏజెన్సీ పంపిన వార్తలను తెలుగు చేసి, నాకు అర్థం కాని చోట "శాస్త్రవేత్తలు భావిస్తున్నారు" అని ఒక ముక్క తగిలించేవాణ్ణి. ఈ సంగతి ఆయనకు తెలిసిన రోజునుంచీ నేను వీధిలో కనబడితే చాలు, "ఏం పేపరు సామీ, ఈ వారం ఎవుర్ని బతికిస్తా ఉండారు?" అని కేకేసేవాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ పేజీని అంత శ్రద్ధగా చదివే మనిషి రెండు జిల్లాల్లో ఇంకొకరు లేరు.

"ఆ ఎలుకలు పెట్టి పుట్టినాయి సామీ" అన్నాడొకసారి. "కాన్సర్ లేదు, సక్కెర లేదు, బట్టతల లేదు, మతిమరుపు లేదు. ఇంకో జన్మంటూ ఉంటే ఆ ఎలుకగా పుట్టాల. మనం మనుసులై పుట్టి తప్పు సేసినాం."

ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు పొద్దుగూకితే గడప తన్నుకుని పడేదట. రేచీకటి అని ఆకుకూరలు, క్యారెట్లు తినిపించారు. ఇంటర్ చదివేసరికి పక్కల ఉన్నవి కనబడటం మానేశాయి. ఎదురుగా ఉన్నది మాత్రం సన్నటి గొట్టంలోంచి చూసినట్టు కనబడేది. కంటి డాక్టరు పిల్లను చూడకముందే మొగుడూ పెళ్లాలను చూసి, "మీరిద్దరూ దగ్గరి చుట్టాలా?" అని అడిగాడట. ఆయన సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. మా ప్రాంతంలో అది తప్పు కాదు సరికదా, గొప్పగా చెప్పుకునే సంబంధం. బయటి పిల్లను తెస్తే, ఇంట్లో ఉన్న పిల్లను కాదన్నాడని అక్క జీవితాంతం మాట్లాడదు.

"సైన్సోళ్లు సెప్పిన అన్ని మాటలకూ నవ్వినా సామీ, ఆ ఒక్క మాటకు నవ్వు రాలా" అని నాతో అన్నాడు. "దాని కడాన ఎలుక లేదు. మనిసే ఉండాడు. అది నేనే."

అప్పటినుంచీ ఎవరైనా పెళ్లిపత్రిక తెచ్చిస్తే, మొదట వధూవరుల పేర్ల కింద ఎవరి మనవరాలు, ఎవరి మనవడు అని చూసేవాడు. రెండువైపులా ఒకే ముసలాయన పేరుంటే పత్రిక బల్లమీద పెట్టేసి, "పిల్లోళ్ల కండ్లు పరీక్ష సేయించినారా?" అని అడిగేవాడు. ఒకాయన పౌరుషపడి, "శుభమా అని పిలిసేదానికొస్తే ఇదా నువ్వడిగేది?" అని పత్రిక వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. అంగడాయన భార్య లోపలినుంచి వచ్చి, "నన్ను సేసుకున్నందుకు ఇంకా ఎంత మందికి సెప్పుకుంటావు మామా?" అంది. ఆమెకు మొగుడయ్యాక కూడా ఆయన మామే. ఆయన త్రాసు తుడుచుకున్నాడు.

కూతుర్ని తీసుకుని వేలూరు పోయాడు, మదరాసు పోయాడు. ఎక్కడా మందు లేదన్నారు. "ఎముక ఇరిగితే పుత్తూరు కట్టు ఉండాది. కంటికి ఏ ఊరికి పోవాల సామీ?" అని నన్నడిగాడు.

ఇక ఆ వార్త సంగతి. సరిగ్గా ఆ పిల్లకున్న జబ్బు గురించే. కంట్లోకి ఒక సూదిమందు ఇస్తే పాడైన పొర మళ్లీ పనిచేస్తోందని ఏజెన్సీ పంపింది, ఆరు పేరాలు. మనుషుల మీద పరీక్షలు రెండేళ్లలో మొదలుకావచ్చని చివరి పేరాలో ఉంది. నేను "రెండేళ్లలో చూపు!" అని శీర్షిక పెట్టాను. ఆ కాలమ్‌లో పట్టేది అంతే. ఆశ్చర్యార్థకం కూడా నేనే పెట్టాను. మధ్యాహ్నం పేజీ అయిపోయిందనుకునేసరికి ఒక నగల అంగడి ప్రకటన వచ్చింది, శ్రావణమాసం తగ్గింపు ధరలు. చోటు కావాలి. వార్తను తోకనుంచి కొయ్యాలనేది మా వృత్తిలో మొట్టమొదట నేర్పే పాఠం. ముఖ్యమైనదంతా పైనే ఉంటుందని నమ్మకం. ఆరో పేరా కోసేశాను.

అందులో ఎలుకలున్నాయని నాకు తెలుసు. కోసేటప్పుడు ఆయన గుర్తొచ్చి నవ్వుకున్నాను కూడా. "ఈసారి మా అంగడాయనకు ఎలుక దొరకదు" అని పక్క కుర్చీలో వాడితో అన్నాను. వాడికేం అర్థం కాలేదు. నేను టీ తాగడానికి పోయాను.

నెలన్నర తర్వాత ఒక ఉదయం ఆయన మా ఇంటికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు, అంగడి వదిలి కదిలే మనిషి కాదు. తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. వెనక కూతురు ఆయన భుజం మీద చెయ్యి వేసి నడుస్తోంది. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"ఇది మీ పేజీనే గదా సామీ?"

అవునన్నాను.

"కిందనుంచి సదివినా. పైనుంచి సదివినా. నడిమి నుంచి కూడా సదివినా. ఎలుక లేదు" అన్నాడు. "ఇన్నేండ్లకు ఎలుక లేని వార్త రాసినారు. నిజమేనా? మీ నోటితో ఒక తూరి సెప్పండి."

ఒక్క వాక్యం చాలు. కోసేశానండీ, చివర ఎలుకలున్నాయి అంటే అయిపోయేది. ఆ పిల్ల నా వైపు నవ్వుతున్నాననుకుంటూ నా పక్కనున్న గోడకేసి నవ్వుతోంది. నా భార్య కాఫీ తెచ్చి పెట్టింది. నాకు భయమేసింది. ఆ మనిషి ముందు నా పని ఇంత నీచంగా ఉంటుందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. డాక్టర్లు ఎలాగూ చెప్తారు, నేనెందుకు చెప్పాలి అనుకున్నాను.

"వార్త నిజమే. కాకపోతే టైం పడుతుంది" అన్నాను.

"రెండేండ్లని మీరే రాసినారు గదా. సానా ఏండ్లు కాసుకున్న్యాం, రెండేండ్లు ఒక లెక్కనా?" అని ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, చూపులేనివాళ్లకు పని నేర్పే కేంద్రం నుంచి ఒక టీచరమ్మ ఆయన అంగడికి వచ్చింది. నేను నూనె పాకెట్టు కోసం అక్కడే నిలబడి ఉన్నాను. కట్టె పట్టుకుని వీధిలో నడవడం, చుక్కల అక్షరాలు చదవడం, మాట్లాడే ఫోన్ వాడటం నేర్పుతామని, ఒక సీటు ఖాళీగా ఉందని చెప్పింది. "కొంచెం చూపు ఉన్నప్పుడే నేర్చుకుంటే సులువు. పూర్తిగా పోయాక చాలా కష్టపడాలి" అంది.

"రెండేండ్లలో సూపొచ్చే పిల్లకు కట్టె ఏమిటికమ్మా?" అన్నాడాయన. "నేను ఉత్తినే నమ్మే మనిసిని కాదు. కావాలంటే ఈ సామిని అడుగు. రాసిందే ఆయన."

ఆవిడ నా వైపు తిరిగింది. ఆవిడకు సంగతి తెలుసు. ఇలాంటి ఇళ్లు ఎన్ని తిరిగిందో. నేను ఏదన్నా అంటానని ఎదురుచూసింది. నేను ఫోన్ మోగినట్టు చెవి దగ్గర పెట్టుకుని, నూనె పాకెట్టు తీసుకుని వచ్చేశాను. మొదటిసారి నోరు మూసుకోవడానికి ఏవో సాకులు చెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

ఆ రెండేళ్లూ ఆయన మెత్తబడిపోయాడు. కళ్లద్దాలు తోసి చదివేవాడు గాని ముక్కుతో నవ్వేవాడు కాదు. అంగారకుడి మీద ఇళ్లు కడతారని వస్తే, "ఏమో సామీ, కట్టినా కట్టొచ్చు. మనకేం తెల్సు" అన్నాడు. గుండెను యంత్రంలో అచ్చుగుద్ది తీస్తారని వస్తే, "తీస్తారు, తీస్తారు" అన్నాడు. కాఫీ పొడి ఏ కాగితం దొరికితే అందులోనే కట్టేవాడు. "ఏం అబ్బా, మీ అంగడాయన వేళాకోళం మానేసినాడే" అని వీధిలోవాళ్లు నన్నడిగేవాళ్లు. కూతురు అంగట్లో స్టూలు మీద కూర్చుని ఉండేది. దారం కొస ఎక్కడుందో చేత్తో వెతుక్కుని తండ్రికి అందించేది. మొదట్లో చూసి అందించేదని నాకు గుర్తు.

రెండేళ్లు నిండిన నెలలోనే పొద్దుటి రైలుకు మదరాసు తీసుకుపోయాడు. వారం దాకా నేను అంగడి వైపు పోలేదు. చివరికి పోయాను. ఆయన పాత పేపర్లు చించుతున్నాడు.

"డాక్టరు మంచోడు. నవ్వలా" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఇది ఎలుకల మీద సేసిందప్పా, మనుసులకు ఎప్పుడొస్తాదో ఎవురికీ తెల్దు, పేపర్లో కూడా రాసే ఉంటారే అన్నాడు. కాగితం ఇచ్చినా. తిప్పి తిప్పి సూసినాడు." చించడం ఆపి తల ఎత్తాడు. "ఎలుక యాడికి పోయింది?"

చెప్పాను. చోటు చాలలేదన్నాను. ప్రకటన వచ్చిందన్నాను.

"ఏం ప్రకటన?"

"నగల అంగడిది."

"ఎలుక ఎంత తావు పట్టుంటాది?"

నేను రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి నా వేళ్లకేసి చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "తెలిసీ మా ఇంటికొచ్చినప్పుడు సెప్పలేదే" అని కూడా అనలేదు. అది తప్ప ఆయన ఇంకేం ఆలోచిస్తుంటాడు? ఉలవలు అరకిలో తూచి, కట్టి, బల్లమీద పెట్టి, "ఇంకేమన్నా కావాల్నా సార్?" అన్నాడు.

ఆ రోజునుంచీ నేను సామిని కాదు, సార్‌ను. పేపర్లు చదవకుండానే చించేవాడు. తర్వాత పేపర్లు కొనడం కూడా మానేసి గోధుమరంగు కవర్లు తెచ్చుకున్నాడు. కూతుర్ని ఆ కేంద్రానికి పంపాడట, వెలుగు మొత్తం ఆరిపోయాక. కట్టె పట్టుకుని వీధి చివరిదాకా పోయి రావడానికే ఆ పిల్లకు ఏడాది పట్టిందని విన్నాను. నేను రిటైరై చిత్తూరుకు వచ్చేశాను. సొంతిల్లు ఉందని అందరికీ చెప్పాను. ఆ అంగడి ముందునుంచి రోజూ నడవలేక వచ్చేశాను.

సోమవారం పోయాను. అప్పటికి దహనం అయిపోయింది. అంగడి వెనకే ఇల్లు. ఆయన భార్య నన్ను చూసి తల తిప్పుకుంది. కూతురు గోడకానుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని "ఎవురు?" అంది.

"పేపరు ఆఫీసాయన్నమ్మా" అన్నాను.

"రా అన్నా, కూసో."

కూర్చున్నాను. ఆమెకు ఎలాగూ తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో చెప్పాలనిపించింది. ఆ ముక్క కోసింది నేనేనని, మీరిద్దరూ మా ఇంటికి వచ్చినరోజున తెలిసీ చెప్పలేదని, టీచరమ్మ వచ్చినప్పుడూ చెప్పలేదని చెప్పాను. క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగే ముఖం నాకు లేదు.

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నది. ఏడవలేదు.

"నాయన మిమ్మల్ని ఒక్క మాట అన్లా అన్నా" అంది. "నేను గుడక కట్టె గురించి అన్ను. అది ఆలస్యంగా నేర్సుకున్నా, నేర్సుకున్న్యా. ఇంకోటి ఉండాది. ఆ రెండేండ్లు నాకు ఇంకా నడిమిన కొంచెం కనపడతా ఉన్నింది. అంగట్లో నాయన ఎదురుగానే కూసోనుంటి, పొద్దన్నుంచి సందేళ దాకా. బాగైనాంక తీరిగ్గా సూద్దాంలే అని నేను సరిగ్గా సూసుకోలా. రెండు దినాల నుంచి తల్సుకుంటా ఉండా అన్నా. గొంతొస్తా ఉండాది. మొగం రాలా."